బాబాయి అడుగుల లెక్క

విశాఖ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచేవాళ్ళ కోసం పోలీసులు బండ్లు ఆపకముందే వాకింగ్ బాబాయి దిగిపోతాడు. ఎవరి చేతికైనా వాచీ కనబడితే చాలు, ‘ఎంతయింది?’ అంటాడు. టైము అడుగుతున్నాడనుకుని ఐదున్నర అని చెప్పినవాళ్ళని మళ్ళీ పలకరించడు.

పదివేల అడుగులు ఎప్పుడో దాటేశాడు. ఇప్పుడు రోజుకి ముప్ఫైవేలు. రాత్రి రెండొందలు తగ్గాయని మంచం చుట్టూ ప్రదక్షిణలు చేస్తాడు. సొంత కూతురి అప్పగింతలప్పుడు మండపం వెనక పచార్లు చేస్తుంటే, పాపం దుఃఖం ఆపుకోలేకపోతున్నాడని చుట్టాలు కళ్ళొత్తుకున్నారు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అందరూ అప్పన్నని తలుచుకుంటూ నడిస్తే, ఈయన మాత్రం ఏడాదికోసారే పెడతారేమిటని దేవస్థానం మీద విసుక్కుంటాడు.

ఈ పదివేల లెక్క ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముకోడానికి దానికి పెట్టిన పేరు మాత్రమే అని బాబాయికి చెప్పి చూశాను.

‘అందుకేరా వాళ్ళు అన్నేళ్ళు బతుకుతున్నారు’ అన్నాడు.

పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుగ్గా నడవడంలాంటి ఓ మోస్తరు వ్యాయామం చెయ్యమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బాబాయికి ఆ కోటా సోమవారంతోనే సరి.

ఒళ్ళు అర్జీలు పెడుతూనే ఉంది. పొద్దున లేవగానే నాడి ఇదివరకటికంటే వేగంగా కొట్టుకుంటోంది. నిద్ర పట్టదు. నెలకో జలుబు. ముసురు పట్టి నడక తప్పిన రోజు పిన్ని ఆయన ఎదుటపడదు. వ్యాయామం కండనీ ఎముకనీ కాస్త నలగ్గొడుతుంది; ఆ నలుగుడు పూడి గట్టిపడేది విశ్రాంతిలోనే. బాబాయి లెక్కలో విశ్రాంతి అనేది బద్ధకస్తులు కనిపెట్టిన మాట.

చివరికి పాదం ఎముకకి వెంట్రుకవాసి చీలిక వచ్చింది. పడిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. లెక్కపెట్టి మరీ వేసిన అడుగులే చీల్చాయి. ఆరు వారాలు ఆ కాలు నేలకి ఆనించొద్దన్నాడు డాక్టరు.

‘వాచీ చేతికి కదండీ, చెయ్యి ఊపుకోవచ్చా?’ అనడిగాడు బాబాయి.

పిన్ని ఊపనివ్వలేదు. వరస తెగకూడదని వాచీ తెచ్చి ఆవిడ చేతికి కట్టాడు. ఆవిడ ఆరోజు వీధిగుమ్మం దాటలేదు. వంటిల్లు, పెరడు, డాబా మీద బట్టలు, ఈయనకి కాఫీ, ఈయనకి మందులు, ఈయన పిలిచినప్పుడల్లా ఒక రాక, ఒక పోక. రాత్రి చూస్తే పద్నాలుగు వేలు.

బాబాయి వాచీ విప్పించుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘పాడైనట్టుందే, రిపేరుకివ్వాలి’ అన్నాడు.