అప్‌లోడ్ అయితేనే అక్షరం వచ్చినట్టు

చదువు ఎంత ముందుకు పోయిందో చూడాలంటే ఛాథమ్ జెట్టీలో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగండి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చి ఈ అండమాన్ దీవులకు తగులుకుంది. పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఉపగ్రహం దయదలిస్తేనే ఇక్కడ నెట్టు. ఇంత సొమ్ము పోసి తెచ్చిన నెట్టును బళ్లలో దేనికి వాడుతున్నారయ్యా అంటే, పాఠం చెప్పినట్టు ఫోటోలు పంపడానికి.

“ఒరేయ్, వెనక బెంచీ వాళ్లు ముందుకు జరగండిరా, స్మార్ట్ బోర్డు కనపడాలి!” అదీ ఇవాళ్టి పాఠం. బోర్డు వెలగదు. దాని రిమోట్ హెడ్మాస్టరు గారి బీరువాలో, బీరువా తాళం గుమస్తా జేబులో, గుమస్తా పని మీద అవతలి ఒడ్డున. అయినా ఫోటోలో అది వెలిగిందో లేదో ఎవరు చూస్తారు? దుమ్ము పడకుండా కప్పిన గుడ్డ తీస్తే చాలు.

2017 ఉపాధ్యాయ దినోత్సవం నాడు అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ‘దీక్ష’ పోర్టల్‌ను ప్రారంభించారు. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోను చూపిస్తే పాఠం ప్రత్యక్షం. బంగారం లాంటి ఆలోచన. చిక్కల్లా ఒకటే: కోడ్ పుస్తకంలో, ఫోను నాన్న జేబులో, నాన్న చేపల వేటకెళ్లి నడి సముద్రంలో. పోనీ ఫోను పిల్లాడి చేతికే ఇచ్చి పంపితే, గేటు దగ్గరే లాక్కుంటారు. బడికి ఫోను తేవడం క్రమశిక్షణారాహిత్యం కదా!

మన అండమాన్ తెలుగువాళ్ల పుట్టింటివాళ్లూ తక్కువ తినలేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ కలిపి బైజూస్ పాఠాలు నింపిన 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. 2024 జులైలో ఆ కంపెనీ మీదే దివాలా విచారణ మొదలైంది. పిల్లాడికి లెక్కలు వచ్చేలోపే మాస్టారి లెక్క తప్పింది.

ఇంత ఘనంగా బండి నడుస్తుంటే, కొందరు టీచర్లు చాటుమాటుగా ఘోరాలు చేస్తున్నారని వినికిడి. ఒకావిడ పాత ఇరవై రూపాయల నోటును ఫోనుతో ఫోటో తీసి, పెద్దది చేసి చూపించిందట. నోటు వెనకున్న కొబ్బరిచెట్లూ సముద్రమూ మన ఊరి వెనకున్న, 2021 దాకా మౌంట్ హ్యారియట్ అన్న కొండ మీంచి కనిపించేవేనని పిల్లలకు చెప్పేసింది! ఇంకొకాయన ఉపగ్రహ చిత్రాలు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, 2004 సునామీ నాటి భూకంపానికి దక్షిణ అండమాన్ నేల మీటరు దాకా కుంగితే ఉప్పునీళ్లు ఏ పొలాల్ని మింగాయో వెతికించాడు. మరొకావిడ శ్రీకాకుళం నుంచి వచ్చిన మామ్మల చేత కథలు చెప్పించి, వాయిస్ రికార్డరులో పట్టుకు రమ్మంది. పక్కనే హోప్‌టౌన్‌లో 1872లో వైస్రాయ్ మేయోను షేర్ అలీ పొడిచి చంపిన చోటుకు పిల్లల్ని తీసుకెళ్లి, అక్కడే వీడియో తీయించినవాళ్లూ ఉన్నారట. టెండరు లేదు, ట్రైనింగు లేదు, రిబ్బను కత్తిరింపు అసలే లేదు. ఇదేం పద్ధతి?

తనిఖీకొచ్చిన అధికారి ఊరుకుంటాడా?

“ఏ యాప్‌లో చేశారమ్మా ఇదంతా?”

“యాప్ ఏమీ లేదు సార్. మామూలు ఫోనే.”

“లాగిన్?”

“లేదు సార్.”

“మరి మీరు పాఠం చెప్పినట్టు మాకెలా తెలుస్తుంది?”

“పిల్లల్ని అడగండి సార్.”

“దానికి ఫారంలో కాలమ్ లేదమ్మా.”

రోగం అక్కడుంది. ఫోను చెడ్డది కాదు, కేబుల్ వృథా కాదు. చవకైన పనిముట్టు టీచరు చేతిలో ఉంటే పాఠం అవుతుంది, పై అధికారి చేతిలో పడితే హాజరు పట్టీ అవుతుంది. పిల్లాడికి ఏం వచ్చిందో అడగడానికి గడి లేని ఫారం కోసం, వాడి చదువు గంటలోంచి పావుగంట కోసి పైకి పంపుతున్నాం. సర్క్యులర్ల మీద మీకు అంత మోజుంటే ఇంకొక్కటి జారీ చెయ్యండి: వారంలో ఒక్కరోజు ఫోటోలు బంద్, పాఠం చెప్పాలి. అమలు చేసినట్టు ఫోటో మాత్రం అడక్కండి.