పాత మారుతికి పసుపు లైట్లు

రెడ్డిగూడెం మండలంలో ఫాగ్ లైట్లున్న బండ్లకు కొదవ లేదు. లారీలకు, ట్రాక్టర్లకు, ఆటోలకు, ఆఖరికి కొన్ని మోటార్ సైకిళ్లకు కూడా ఉంటాయి. ఎండాకాలం, వానాకాలం అని తేడా లేకుండా వెలుగుతూనే ఉంటాయి. ఎదురొచ్చేవాడు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు లెక్క. తీరా మంచు పట్టే డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చూస్తే వాటిలో చాలా భాగం వెలగవు. అప్పటికి ఫ్యూజు పోయో, ఎర్తు ఊడో, వైరు ఎలుక కొరికో ఉంటుంది.

ఊరంతా తోట బాబాయి అని పిలిచే ఆసామికి ఈ సంగతి తెలియక కాదు. తెలిసే, తన కారుకు ఫాగ్ లైట్లు పద్ధతి ప్రకారం పెట్టించాలనుకున్నాడు. గొడవంతా ఆ పద్ధతి దగ్గరే మొదలైంది.

ఆయనది మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 16 అనే ఉంది. అది పాత కృష్ణా జిల్లా కోడు. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి, పక్కనున్న నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. బాబాయి కారు మాత్రం ఎటూ పోకుండా కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది.

లైట్ల అవసరం నిజమైనదే. మామిడి పూతకొచ్చేదీ మంచు పట్టేదీ ఒకే కాలంలో. చిన్న రసాల చెట్టు పూత మీద ఉన్నప్పుడు మంచు వదలకుండా పడితే రైతుకు నిద్ర పట్టదు. బూడిద తెగులు, తేనెమంచు పురుగు రెండూ ఆ రోజుల్లోనే పైన పడతాయి. కోడి కూసేసరికి తోటలో ఉండాలి. దానికి తోడు సంక్రాంతికి వచ్చే కొడుకును గన్నవరం విమానాశ్రయం నుంచి తీసుకురావాలి. పొగమంచు వల్ల గన్నవరంలో విమానాలు ఆలస్యమవడం ఏటా పేపర్లో వచ్చే వార్తే. అది విని పిన్ని ఒకే ప్రశ్న వేసింది: "అంత విమానానికి ఫాగ్ లైట్లు లేవంటయ్యా?"

కిలోమీటరు అవతలున్నది కనిపించకపోతే వాతావరణ శాఖ దాన్ని పొగమంచు అంటుంది. తోటల మధ్య రోడ్ల మీద కిలోమీటరు మాట దేవుడెరుగు, ముందు పోయే బండి వెనక దీపం కనిపిస్తే అదే పదివేలు. అలాంటప్పుడు చాలామంది డిమ్ము సరిపోవడం లేదని బ్రైట్ వేస్తారు. ఆ వెలుగంతా నీటి తుంపరల మీద పడి వెనక్కి తిరిగి డ్రైవరు కళ్లలోనే కొడుతుంది. రోడ్డు పోయి తెల్లగోడ మిగులుతుంది. ఫాగ్ లైటు పని వేరు. అది కింద ఉండాలి, వెడల్పుగా పరుచుకోవాలి, పైకి అసలు పోకూడదు. దూరం చూపించడం దాని పని కాదు. రోడ్డు అంచూ, మార్జినూ, మార్జిన్లో నిలబడ్డ గేదే కనిపిస్తే దాని డ్యూటీ అయిపోయినట్టే.

సలహాల సభ టీ కొట్టు దగ్గర జరిగింది. ఒకప్పుడు అంబాసిడర్ టాక్సీ నడిపిన పెద్దాయన అధ్యక్షత వహించాడు. అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు మన దేశంలో పుట్టిన బిడ్డ. ఆ కాలపు ఇంగ్లీషు కార్లకు కరెంటు సామాను చేసే లూకస్ కంపెనీ స్థాపకుడికి అక్కడి జనం "చీకటి సామ్రాజ్యానికి యువరాజు" అని బిరుదిచ్చారు. దీపం ఎప్పుడు ఆరిపోతుందో చెప్పలేమని ఆ వేళాకోళం. పెద్దాయన ఆ బిరుదు ఎరగడు. "మా బండికి ఒక గుద్దు గుద్దితే వెలిగేది, రెండో గుద్దుకు ఆరేది" అని మాత్రం చెప్పాడు. 2014 జనవరిలో మారుతి 800, అదే ఏడు మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాయి కాబట్టి ఏది గొప్ప బండి అన్న వాదన ఇప్పటికీ తేలలేదు.

రెండో వాదన రంగు మీద. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని లారీ డ్రైవరు ప్రమాణం చేసి చెప్పాడు. ఈ నమ్మకం ఆయనొక్కడిదే కాదు. ఫ్రాన్స్‌లో 1930ల చివరి నుంచి 1993 దాకా కార్లకు పసుపు హెడ్‌లైట్లే ఉండాలని చట్టం. భౌతికశాస్త్రం మాత్రం దీనికి తల అడ్డంగా ఊపుతుంది. మంచు తుంపర కాంతి తరంగం కన్నా చాలా పెద్దది. దానికి పసుపూ ఒకటే, తెలుపూ ఒకటే, అన్నిటినీ సమానంగానే చెదరగొడుతుంది. పసుపు అద్దం నీలి కాంతిని ఆపేస్తుంది గనక కంటికి కాస్త హాయిగా ఉంటుంది, అంతే. బాబాయి ఇదంతా ఓపిగ్గా విని, "సరే, పసుపే కొందాం. శుభమైన రంగు" అన్నాడు.

మైలవరంలో ఆటో ఎలక్ట్రీషియన్ కుర్రాడు బానెట్ ఎత్తగానే నిట్టూర్చాడు. లోపల అప్పటికే ముగ్గురు మేస్త్రీల హస్తవాసి ఉంది. ఎర్ర వైరు వెళ్లి పచ్చ వైరుగా తేలుతోంది. జాయింట్లన్నీ మెలితిప్పి టేపు చుట్టినవే. ఎండాకాలాల వేడికి టేపు జిగురు కరిగి, పాత జీళ్లపాకంలా వేలికి అంటుకుంటోంది. ఒకచోట ఫ్యూజు ఉండాల్సిన తావులో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టి ఉంది.

"ఇదెవరు పెట్టారు బాబాయ్?"

"అప్పట్లో అర్ధరాత్రి, విస్సన్నపేట రోడ్డు మీద. ఇంటికొచ్చాక మారుద్దామనుకున్నాం."

కుర్రాడు వెండి కాగితం పీకి అవతల పారేశాడు. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, వైరును. ఎక్కడన్నా వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే బ్యాటరీలో ఉన్న కరెంటంతా అటే పరిగెత్తుతుంది. ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది, వైరు తర్వాత కారు. అందుకే ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. లైటు దగ్గర పెడితే మధ్యలో ఉన్న వైరుకు దిక్కుండదు.

"స్విచ్చికి డైరెక్టుగా ఇచ్చేస్తే సరిపోదా? ఇంకా రిలే ఎందుకు, దండగ" అన్నాడు బాబాయి.

"ఇవ్వొచ్చు బాబాయ్. తర్వాత స్విచ్చి కరిగితే నన్ననొద్దు" అని కుర్రాడు వేళ్ల మీద లెక్క చెప్పాడు. ఒక్కో బల్బు 55 వాట్లు, రెండూ కలిపి 110. 12 వోల్టులతో భాగిస్తే 9 ఆంపియర్ల పైచిలుకు. అంత కరెంటు సన్న వైరులో డ్యాష్‌బోర్డు దాకా వచ్చి, చిటికెన వేలంత స్విచ్చిలో దూరి, మళ్లీ బంపరు దాకా పోవాలి. దారిలో వేడెక్కుతుంది, వోల్టేజీ తగ్గుతుంది. బల్బు దగ్గరికి చేరేసరికి వోల్టేజీ పదో వంతు పడిపోతే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. కొన్నది 55 వాట్ల బల్బు, వెలిగేది పడగ్గది దీపం.

రిలే ఉంటే స్విచ్చిలో పారేది పిసరంత కరెంటు. ఆసామి గట్టు మీద నిలబడి ఒక్క మాట అంటాడు, బస్తాలు మోసేది వేరేవాళ్లు. స్విచ్చి ఆ ఆసామి. రిలే లోపలి చిన్న చుట్టకు కరెంటు అందగానే అది అయస్కాంతమై పలకను లాగుతుంది, బ్యాటరీ నుంచి మందపాటి వైరులో వచ్చే అసలు కరెంటు లైట్లకు పోతుంది. ఈ పోలిక బాబాయికి వెంటనే ఎక్కింది. ఎక్కనిది ఒక్కటే. రిలే కాళ్ల మీద 30, 85, 86, 87 అని అంకెలున్నాయి.

"నాలుగు కాళ్లే కదా, ఒకటి రెండు మూడు నాలుగు అని వేస్తే వాడి సొమ్మేం పోయింది?"

"జర్మనీ వాళ్ల లెక్క బాబాయ్. 30 బ్యాటరీకి, 87 లైట్లకి, 86 స్విచ్చికి, 85 ఎర్తుకి. ప్రపంచమంతా ఇదే."

86కు పోయే వైరును కుర్రాడు పార్కింగ్ లైటు నుంచి తీశాడు. బండి లైట్లు ఆపితే ఫాగ్ లైట్లూ వాటంతటవే ఆరిపోతాయి. లేకపోతే బాబాయి తోట చూసొచ్చి మరిచిపోయి పడుకుంటే, 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పొద్దున్నకు అంతకన్నా గాఢంగా పడుకుంటుంది.

ఎర్తు దగ్గర మళ్లీ పేచీ. కుర్రాడు ఆకురాయి తీసి బంపరు వెనక రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకడం మొదలుపెట్టాడు. కన్నకూతురి బుగ్గ గీకుతున్నట్టు బాబాయి విలవిల్లాడాడు. పెయింటు మీద బోల్టు బిగిస్తే కరెంటుకు తిరిగొచ్చే దారి ఉండదు. దారి లేని కరెంటు పక్క లైట్ల లోంచి దొంగదారి వెతుక్కుంటుంది. ఎడమ ఇండికేటరు వేస్తే ఫాగ్ లైటు కూడా కన్ను కొట్టే బండ్లు ఇలా తయారైనవే. చివరికి ఇనుము తెల్లగా తేలింది, బోల్టు బిగిసింది, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పడింది.

ఎత్తు విషయంలో అంతర్జాతీయ నిబంధన స్పష్టంగానే ఉంది. కార్లకు ముందు ఫాగ్ లైట్లు నేలకు 25 సెంటీమీటర్ల పైన, 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మారుతి బంపరు కింద అవి చక్కగా ఇమిడాయి. సాయంత్రం రెడ్డిగూడెంలో ఒక గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలిపి, వెలుగు పై అంచు లైటు ఎత్తుకన్నా 4 అంగుళాలు కిందికి దిగేలా సరిచేశారు. గోడ మీద నిట్టనిలువుగా ఏదో నల్లటి నీడ పడింది. బల్బు మాడిందేమోనని కుర్రాడు కంగారుపడ్డాడు. కిందటి అమావాస్యకు పిన్ని బంపరుకు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ సరిగ్గా కుడి లైటు ముందు వేలాడుతోంది. దాన్ని విప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పిన్నినే పిలిపించి, నంబరు ప్లేటు పక్కకు జరిపించారు.

పండక్కి ముందు ఒక తెల్లవారుజామున మంచు దట్టంగా దిగింది. బాబాయి రెండో గేరులో నాగులూరు వైపు బయల్దేరాడు. డిమ్ము, దాని కింద పసుపు లైట్లు. ఎడమ వైపు మట్టి అంచు చక్కగా కనిపిస్తోంది. దానికి మించి ఏమీ కనిపించడం లేదు. కాసేపటికి అద్దంలో చూస్తే వెనక బండ్లు బారు కట్టాయి. దాటే దారి ఉన్నా ఎవరూ దాటడం లేదు. తోట మలుపులో బాబాయి కారు లోపలికి తిప్పితే, వెనకున్న ట్రాక్టరు కూడా మంచులో దారి తెలియక ఆ లైట్ల వెంబడే తోటలోకి వచ్చేసింది.

ట్రాక్టరు కుర్రాడు దిగి, మామిడి చెట్ల మధ్య నిలబడి అటూ ఇటూ చూశాడు. "బాబాయ్, ఈ లైట్లేవో బాగున్నాయ్. నాకూ రెండు కావాలి. పైన టాపు మీద పెట్టిస్తా, ఊరంతా కనపడాలి" అన్నాడు.

"టాపు మీద కాదురా అబ్బాయ్. ముందు రిలే అంటే ఏంటో చెప్తా, కూర్చో. దానికి నాలుగు కాళ్లు. మొదటి కాలు 30..."

85 దాకా రాకముందే కుర్రాడు ట్రాక్టరు స్టార్ట్ చేశాడు.