కణానికి ఆధార్ అడిగే నాథుడేడీ?

పత్తి తీసీ తీసీ వేళ్లరిగిన ముసలమ్మకు మాచర్ల రేషన్ షాపులో వేలిముద్ర పడకపోతే ఐరిస్ చూపించమంటారు. "నేనేనయ్యా, నలభై ఏళ్లుగా ఇదే ఊళ్లో ఉంటున్నా" అంటే చెల్లదు. పక్కింటివాళ్లు సాక్ష్యం చెప్పినా చెల్లదు. మిషన్ ఒప్పుకోవాలి.

కంటి జబ్బుల మీద పరిశోధించే పెద్దలకు మాత్రం ఇంత పట్టింపు లేదు. ల్యాబులో పెరిగే కణాలు ఎవరివంటే, ట్యూబు మీద మార్కర్ పెన్నుతో ఏం రాసుంటే వారివే. ఆ ట్యూబు ఎక్కడిదంటే, ఫలానా ప్రొఫెసర్ గారు స్నేహంకొద్దీ ఇచ్చారు. ఆయనకెవరిచ్చారు? అలా అడగడం మర్యాద కాదు.

ఆర్‌జీసీ-5 అనే ల్యాబు కణాల భాగోతం చూడండి. 2001లో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఇది ఎలుక రెటీనాలోని గ్యాంగ్లియన్ కణమని ప్రకటించారు. గ్లకోమాలో చచ్చిపోయేవి సరిగ్గా ఆ కణాలే కాబట్టి లోకమంతా ఎగబడింది. వందలాది వ్యాసాలు వచ్చాయి. అది నాడీకణంలా కనపడకపోతే స్టారోస్పోరిన్ అనే రసాయనం వేసేవారు, కొమ్మలు చాచి బుద్ధిగా నాడీకణం వేషం కట్టేది. 2009లో బయటపడింది: అది ఎలుకదే కాదు, చిట్టెలుకది. 2013లో ఇంకోటి తేలింది: అసలది గ్యాంగ్లియన్ కణమే కాదు, 661డబ్ల్యూ అనే ఫొటోరిసెప్టర్ కణం. జాతీ తప్పే, ఇంటిపేరూ తప్పే. ఈ రెండో సంగతి తేల్చిన బృందంలో, 2001 నాటి వ్యాసంలో మొదటి పేరుగా ఉన్న రఘు కృష్ణమూర్తే ఉన్నారు. తన బిడ్డ తన బిడ్డ కాదని తనే చాటింపు వేసిన ఆయనకు దండం పెట్టాలి. దండం పెట్టి ఊరుకోకుండా, అన్నేళ్లూ వాడుకున్న మిగతావాళ్లు ఏం చూశారని కూడా అడగాలి.

దీనికంటే పాతది చాంగ్ కంజంక్టైవా. 1954 నాటి ఈ కణాలను కంటి తెల్లగుడ్డు మీది పొరవని నమ్మి, కంటి చుక్కల్లో కలిపే ప్రిజర్వేటివ్‌లు ఎంత హాని చేస్తాయో వాటి మీద పరీక్షించారు. తీరా చూస్తే అవి హీలా కణాలు. 1951లో బాల్టిమోర్‌లో చనిపోయిన హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసినవి. అవి ఎంత చురుకైనవంటే, పక్క ఫ్లాస్కులో ఒక్కటి పడినా కొన్నాళ్లకు అసలు వాళ్లను గెంటేసి ఇల్లు సొంతం చేసుకుంటాయి. జన్యుశాస్త్రవేత్త స్టాన్లీ గార్ట్‌లర్ 1966లోనే ఈ కబ్జా గురించి హెచ్చరించాడు. విన్నవాళ్లు తక్కువ, కోపగించుకున్నవాళ్లు ఎక్కువ.

నకిలీ విత్తనంతో ఒకసారి మునిగిన నరసరావుపేట పత్తి రైతు ఆ తర్వాత లాట్ నంబరు చూస్తాడు, బిల్లు దాచుకుంటాడు. డాక్టరేటు లేకపోవడం వల్ల కాబోలు ఆయనకీ జాగ్రత్త అబ్బింది.

పరీక్ష కష్టమా అంటే, కాదు. మనిషి కణాలకు ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ అనే డీఎన్‌ఏ పరీక్ష ఉంది. కోర్టు కేసుల్లో తండ్రెవరో తేల్చే పద్ధతే అది. అలాంటి కేసులు చూసే సీడీఎఫ్‌డీ అనే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఎలుకో చిట్టెలుకో తేల్చే జాతి పరీక్ష ఇంకా సులువు. దారి తప్పిన కణాల పేర్లతో ఐసీఎల్‌ఏసీ అనే అంతర్జాతీయ కమిటీ జాబితా కూడా పెట్టింది, చదవడానికి పైసా అక్కర్లేదు. అయినా జవాబు సిద్ధం: "బడ్జెట్ లేదండీ." విదేశీ పత్రికలో అచ్చుకు కట్టడానికి మాత్రం ఎక్కడినుంచో వస్తుంది. ఇంకో జవాబు ఇంకా ముచ్చటైనది: "మైక్రోస్కోపులో చూశాం, అలాగే ఉన్నాయి." రేషన్ డీలరు ఇదే మాట ముసలమ్మ గురించి అంటే సస్పెండ్ చేస్తారు.

కణాల గుర్తింపు పరీక్ష ఏ తేదీన, ఎక్కడ చేయించారో రాయని వ్యాసాన్ని ఎడిటర్ చదవకుండానే తిప్పి పంపాలి. అలా చేస్తే చాలా పరిశోధనలు ఆగిపోతాయని కొందరు బెదిరిస్తున్నారు. ఆగనీయండి. ఆ పరిశోధకుల్లో కొందరు ఇన్నేళ్లుగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కంటి చుక్కలు వేస్తున్నారు.