బాల రోదసీ గ్రంథ సంచయ శాస్త్రం

అరవై నాలుగు కళల్లో చోరకళకు కూడా చోటు దొరికింది. రాకెట్ బొమ్మలున్న పాత పిల్లల పుస్తకాలను ఏరి తెచ్చి దాచుకునే విద్యకు మాత్రం దొరకలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ శాస్త్రం.

ఏ శాస్త్రానికైనా ముందు అనుబంధ చతుష్టయం చెప్పాలి గదా. అధికారి: ఆదివారం ఉదయం ఇంటిపని తప్పించుకోగలవాడు, దుమ్ముకు తుమ్మనివాడు, కావలసిన పుస్తకం కంటబడ్డా పక్కనున్న వంటల పుస్తకం బేరమాడగలవాడు. విషయం: రోదసి. ఈ సంస్కృత పదానికి మూలార్థం భూమీ ఆకాశమూ రెండూనట. మనవాళ్లేమో భూమిని వదిలిపెట్టి పోయే చోటుకు ఆ పేరు పెట్టారు. సంబంధం: సంసారంతో వైరం. ప్రయోజనం: చాలాకాలం వెతికాం, కనిపించలేదు.

తెలుగునాట ఈ శాస్త్రానికి ఆకరం మాస్కో. ప్రగతి ప్రచురణాలయం, 1982 తర్వాత రాదుగ, తెలుగు పుస్తకాలను అక్కడే అచ్చువేసి ఓడెక్కిస్తే విశాలాంధ్రవారు కొట్లలోనూ వ్యానుల్లోనూ కారుచౌకగా అమ్మారు. అనువాదం కోసం ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలోనే కాపురముండి, ఆ చలిలో కూర్చుని మన పిల్లలకు తెలుగు రాశారు. చివరి పేజీలో రష్యన్‌లో ఎన్ని ప్రతులు వేశారో, వెల ఎన్ని కోపెక్కులో ఉంటుంది. రష్యన్ ముక్క రాని సంచయకుడు కూడా ముందు తెరిచేది ఆ పేజీయే. తెరిచి, అర్థమైనట్టు తల ఊపుతాడు.

చిక్కేమిటంటే ఆ పేజీ సాధారణంగా ఉండదు. పిల్లల పుస్తకానికి మొదట పోయేది అట్ట, తర్వాత చివరి పేజీ. అది ఏ వానాకాలంలోనో పడవై వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు గ్రంథం వయసు తేల్చడమెలా? మీమాంసకుల ఆరు ప్రమాణాల్లో అనుపలబ్ధి ఒకటుంది: వస్తువు కనబడకపోవడమే అది లేదనడానికి ప్రమాణం. ఈ శాస్త్రం దాని మీదే నిలబడింది. పుస్తకంలో రోదసికెళ్లిన కుక్క లైకా ఉండి గగారిన్ లేకపోతే అది 1957 నవంబరుకూ 1961 ఏప్రిల్‌కూ మధ్య రాసింది. (అనువాదాలు ఆలస్యమవుతాయి గనక రెండు మూడేళ్లు అటూ ఇటూ వేసుకోవాలి.) గగారిన్ ఎక్కిన వోస్తోక్ నౌక బంతిలా కాక రెక్కలూ తోకా తగిలించుకుని కొర్రమీనులా ఉంటే 1965కు ముందుది, అసలు ఆకారం అప్పటిదాకా రహస్యం, చిత్రకారుడు ఊహకు తోచింది గీసేశాడు. రాకెట్లు కట్టించినాయనకు బిరుదే తప్ప పేరు లేదంటే 1966 జనవరికి ముందుది. కొరొల్యోవ్ కన్నుమూశాక గానీ ఆ పేరు లోకానికి చెప్పలేదు. బృహస్పతికి పన్నెండు చంద్రులుంటే 1974కు ముందుది. ఉంగరాలు శనికొక్కడికే ఉన్నాయంటే 1977కు ముందుది. ఆ ఏడు యురేనస్‌కూ దొరికాయి. ప్లూటో ఇంకా గ్రహంగానే ఉంటే తొందరపడి మురిసిపోవద్దు. 2006 దాకా అందరూ అలాగే రాశారు.

దీన్నిబట్టి తేలే సిద్ధాంతం: గ్రంథంలో దోషం ఎంత పెద్దదైతే వెల అంత ఎక్కువ. శుక్రుడి మీద సీసం కరిగేంత వేడి ఉందని సరిగ్గా చెప్పిన పుస్తకాన్ని ఎవరూ ముట్టరు. అక్కడ చిత్తడి అడవులూ, వాటిలో రాక్షసిబల్లులూ ఉన్న పుస్తకానికి ముగ్గురు పోటీపడతారు. కుజుడి కాలువలు 1965లో మారినర్-4 ఫొటోలు తీయగానే ఎండిపోయాయి. మా బజారులో వాటికి గిరాకీ అప్పుడే మొదలైంది.

ఒక్క దోషానికి మాత్రం నేను వెల కట్టను. లైకా కొన్నాళ్లు హాయిగా తిరిగిందని నమ్మిన పుస్తకాలున్నాయి. అది వేడికి తాళలేక కొన్ని గంటల్లోనే పోయిందని 2002లో గానీ బయటపెట్టలేదు. ఆ పుస్తకాలు నా దగ్గర విడిగా, వేపాకు వేసి ఉంటాయి. బేరానికి తీయను.

పూర్వపక్షం: ఇవన్నీ పీడీఎఫ్‌లుగా ఊరికే దొరుకుతుంటే ఈ చెదల పోషణ దేనికి? మా ఇంట్లో ఇది వారానికోసారి లేస్తుంది. సమాధానం: పీడీఎఫ్‌లో ప్రక్షిప్తాలుండవు. నా ప్రతిలో గగారిన్‌కు ఎవరో బాల్‌పెన్నుతో ఎన్టీఆర్ మీసం పెట్టారు. ఇది దోషమా, పాఠాంతరమా అని నేనూ నా సహాధ్యాయీ రెండేళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

ఇక ధరల సంగతి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పుస్తకాలు పరిచేవారి దగ్గర రేటు పుస్తకాన్ని బట్టి ఉండదు, కొనేవాడి కనుబొమలను బట్టి ఉంటుంది. రెండున్నర రూపాయల ముద్ర ఉన్నదాన్ని నేను మూడు వందలకు కొన్నాను. కనుబొమలు ఆపుకోలేకపోయాను.

చివరగా అట్టల ప్రకరణం. సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితం ఆ రోజుల్లో బడిపుస్తకాలకు అట్టలైపోయింది. అందుకే రోదసీ చిత్రాలు గ్రంథాలయాల్లో కంటే లెక్కల నోట్సుల మీదే ఎక్కువ బతికాయి. నా సంచయంలో అతి విలువైన వస్తువు ఎవరిదో ఆరో తరగతి బీజగణితం. లోపల లెక్కలన్నీ తప్పే. మీ అటక మీదా అలాంటిదొకటి ఉండొచ్చు. తూకానికి వేసేముందు దయచేసి అట్ట విప్పి చూడండి. బృహస్పతికి పన్నెండు చంద్రులుంటే కబురు చేయండి. పదమూడుంటే వద్దు, అవి నా దగ్గర రెండున్నాయి.