చిట్టీ సగం, పాట మొత్తం

మూసాపేట మెట్రో దిగి బాలానగర్ వైపు నడిస్తే షెడ్లలోంచి లేత్ మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. పార్టు చేయించుకోవడానికి వచ్చినవాడు డ్రాయింగ్ విప్పకముందే యజమాని అడుగుతాడు: "ఎన్ని పీసులన్నా?" వెయ్యికి ఒక రేటు, పదికి ఇంకో రేటు. పదైనా వెయ్యైనా ఫిక్చర్ ఒకసారి చేయాల్సిందే, మిషన్‌కు సెట్టింగ్ ఒకసారి పెట్టాల్సిందే. ఆ ఖర్చంతా పది పీసుల మీదే పడితే ఒక్కోటి బంగారం ధర పలుకుతుంది. నిన్న పనిలో చేరిన హెల్పర్‌కు కూడా ఈ లెక్క తెలుసు. యూరప్ రక్షణ మంత్రులకే నలభై ఏళ్లుగా అంతుపట్టడం లేదు.

యూరోఫైటర్ యుద్ధవిమానం కథ వినాలి. విడివిడిగా చేసుకుంటే ఖర్చు భరించలేమని యూరప్ దేశాలు పొత్తు కలిశాయి. నాయకత్వం నాదేనని పట్టుబట్టి ఫ్రాన్స్ 1985లోనే లేచిపోయి, సొంతంగా రఫేల్ చేసుకుంది. మిగిలిన నలుగురిలో బ్రిటన్, జర్మనీ చెరో 250, ఇటలీ 165, స్పెయిన్ 100, అంతా కలిపి 765 విమానాలు కొంటామన్నారు. ఎవరెన్ని కొంటే వారి ఫ్యాక్టరీలకు అంత పని. ఇంతలో సోవియట్ యూనియన్ కూలింది, ఖజానాల మూతులు బిగిశాయి. జర్మనీ 140 చాలంది. పనిలో వాటా కూడా ఆ మేరకు తగ్గించుకోమంటే ససేమిరా అంది. చిట్టీ సగమే కడతాను, పాట మాత్రం మొత్తానికీ పాడతాను అన్నట్టు! చివరికి 1996లో బేరం 180 దగ్గర తెగింది. జర్మనీ వాటా 33 నుంచి 30 శాతానికి దిగింది, మొత్తం విమానాలు 620 అయ్యాయి.

పని పంపకం ఇంకా ముచ్చటైనది. ఎడమ రెక్క ఇటలీది, కుడి రెక్క స్పెయిన్‌ది. ముందు భాగం బ్రిటన్‌ది, నడుము జర్మనీది. పోనీ, బిగించడమైనా ఒక్కచోటేనా అంటే, నలుగురికీ నాలుగు అసెంబ్లీ లైన్లు! విమానాలు తగ్గాయి గానీ లైన్లు తగ్గితే ఒట్టు.

పొత్తుల గొర్రె పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఫ్రాన్స్, ఇటలీ కలిసి ఫ్రెమ్ యుద్ధనౌకలు మొదలుపెట్టాయి. ఫ్రాన్స్ 17 అనుకుని, 11కు దిగి, ఆపై 8 దగ్గర ఆగింది.

బ్రిటన్‌ది వేరే వైభవం. 2010లో రక్షణ బడ్జెట్‌కు కత్తెర వేస్తూ, కడుతున్న రెండు విమానవాహక నౌకల్లో ఒకటి ఆపేద్దామని చూసింది. ఆపితే కట్టిన దానికంటే ఎక్కువ ఖర్చని తేలింది. సరే, ఫ్రాన్స్ విమానాలు కూడా దిగేలా మార్చి పొదుపుగా పంచుకుందామన్నారు. మార్పుల ఖర్చు రెండింతలై దాదాపు 200 కోట్ల పౌండ్లకు చేరేసరికి, 2012లో ఆ ముచ్చటా అటకెక్కింది.

2017లో ఫ్రాన్స్, జర్మనీ మళ్లీ చేతులు కలిపి కొత్త తరం యుద్ధవిమానం ప్రకటించాయి. 2019లో స్పెయిన్ చేరింది. పేరు పెట్టారు, నమూనా బొమ్మ చూపించారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పెత్తనం ఎవరిదన్న పంచాయితీలో రఫేల్ చేసే దస్సో, జర్మనీ తరఫు ఎయిర్‌బస్ జుట్లు పట్టుకున్నాయి. 1985 నాటి తగాదాయే, కాగితాలు కొత్తవి.

అంత పట్టుదల గల దస్సో, 2025 జూన్‌లో రఫేల్ ఫ్యూజ్‌లేజ్‌లను హైదరాబాద్‌లో చేయించడానికి టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్‌తో ఒప్పందాలు చేసుకుంది. రఫేల్ మొండెం ఫ్రాన్స్ దాటడం ఇదే మొదటిసారి. నెలకు రెండు వరకూ చేయాలన్నది లక్ష్యం. ఇంట్లో అన్నదమ్ముడికి రెక్క ఇవ్వడానికి చేతులు రానివాడు, పొరుగూరి వడ్రంగికి మంచం మొత్తం అప్పగించినట్టుంది. ఇక్కడ విమానాలు కొనేవాడు ఉన్నాడు మరి.

బాలానగర్ షెడ్డు యజమానికి ఈ పురాణమంతా చెబితే, టీ గ్లాసు పక్కన పెట్టి, పీసుల సంగతి వదిలేసి తన రెండో ప్రశ్న అడుగుతాడు.

"గంత లొల్లి సరే, అడ్వాన్స్ ఇచ్చిన్రా?"