కొట్టినోడు కాదు, వదిలినోడు

దసరా సెలవుల్లో జనగామ ధర్మకంచ స్టేడియంలో పిల్లలు టెన్నిస్ బంతితో పది ఓవర్ల మ్యాచ్ ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. నేనొకప్పుడు ఫాస్ట్ బౌలర్నని ఎవరో చెప్పినట్టున్నారు, అవుటై వచ్చిన ఒక పిల్లగాడు బ్యాటు చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "తాతా, నిన్ను అందరికంటే ఎక్కువ ఉతికినోడు ఎవరే?" అన్నాడు.

నేను ఎదుర్కొన్నవాళ్లలో గట్టి బ్యాట్స్‌మన్ ఎవరో తెలుసుకోవాలన్నదే వాడి కోరిక. అదే సంగతి మా రోజుల్లో ఇంకోలా అడిగేవాళ్లు: "ఎవన్ని తియ్యలేకపోయినవ్‌రా?" బౌలర్ అంటే వికెట్ తీసేవాడని అప్పటి లెక్క. బౌలర్ అంటే దెబ్బలు తినేవాడని ఇప్పటి లెక్క. పిల్లగాడిని ఏమీ అనలేను. వాడికి ఊహ తెలిసినప్పటినుంచి చూస్తున్నదే అది. 2024 ఏప్రిల్ 20న ఢిల్లీలో మన సన్‌రైజర్స్ మొదటి ఆరు ఓవర్లలో ఒక్క వికెట్ పోకుండా 125 కొట్టింది. మరుసటి ఏడాది మార్చిలో ఉప్పల్‌లో జోఫ్రా ఆర్చర్ నాలుగు ఓవర్లకు 76 ఇచ్చుకున్నాడు. ఐపీఎల్‌లో అంతకుముందు ఏ బౌలరూ అన్ని పరుగులు ఇవ్వలేదు. జనం లేచి గంతులేశారు. నేను టీవీ కట్టేసి అరుగు మీద కూర్చున్నాను. అంత వేగమున్న మనిషికి, ఎండలో నెత్తురు చెమట చేసే పనికి, ఆ మర్యాదా?

నన్ను ఈ పనిలోకి లాగింది రేడియో. 1969 అక్టోబరులో ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు. పిచ్ మీద గడ్డి కోయకుండా ఉండిపోయింది. మనవాళ్లు 49కి తొమ్మిది వికెట్లు పోగొట్టుకున్నారు. చివర్లో వెంకటరాఘవన్, బేడీ కలిసి 89 దాకా లాగారు, ఆఖరికి వాన వచ్చి మ్యాచ్‌ని కాపాడింది. హోటల్ దగ్గర రేడియో చుట్టూ నిలబడ్డ పెద్దలంతా తలలు పట్టుకున్నారు. నాకు మాత్రం డేల్ హ్యాడ్లీ అనే పేరు చెవిలో ఉండిపోయింది. మన హైదరాబాద్ పిచ్ మీద కూడా ఫాస్ట్ బౌలర్ ఇంత పని చేయగలడా అని.

పిచ్ సంగతి ఎలా ఉన్నా, హైదరాబాద్ మనిషి చేయగలడని మన ఆబిద్ అలీ అప్పటికే చూపించాడు. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో, ఆడిన మొదటి టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లోనే 55 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. ఇంకొకాయన గోవిందరాజ్, హైదరాబాద్ ఫాస్ట్ బౌలరే. 1971లో వెస్టిండీస్‌కూ, ఇంగ్లండ్‌కూ టీమ్‌తో వెళ్లాడు. ఒక్క టెస్టు కూడా ఆడించలేదు. కొత్త బంతిని నాలుగు ఓవర్లలో మెరుపు పోగొట్టి స్పిన్నర్ల చేతికివ్వడమే అప్పటి పద్ధతి, ఆ పనికి గావస్కర్ చేత కూడా బౌలింగ్ మొదలుపెట్టించారు. ఆ రెండు పర్యటనల్లో సిరీస్‌లు గెలిచాం, కాదనను. గోవిందరాజ్ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అంతకుముందు సంగతి మా సీనియర్లు కథలు కథలుగా చెప్పేవారు. 1962లో బార్బడోస్‌లో గ్రిఫిత్ బంతి నారీ కాంట్రాక్టర్ తలకు తగిలి ప్రాణం మీదికొచ్చింది. మనవాళ్లకు వేగం అలవాటు కావాలని నలుగురు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లను పిలిపించి నాలుగు జట్లకు పంచారు. హైదరాబాద్ వాటాకు రాయ్ గిల్‌క్రిస్ట్ వచ్చాడు. ఆ రంజీ సీజన్‌లో అతని బౌలింగ్‌ను ఎదుర్కొని బెంగాల్ పంకజ్ రాయ్ ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు చేశాడు. నెత్తి మీద హెల్మెట్టు లేదు. కష్టమైన బ్యాట్స్‌మన్ అనే మాటకు అర్థం అక్కడ వెతుక్కోవాలి.

మేం ఆడింది అంత పెద్ద ఆట కాదు. జనగామలో మొరం నేల మీద కొబ్బరిపీచు మ్యాటు పరిచి, చుట్టూ మేకులు కొట్టి ఆడేవాళ్లం. ఒక వైపు లాగితే ఇంకో వైపు ముడత లేచేది, ఆ ముడత పోయేదాకా ఇద్దరు దాని మీద నడిచేవాళ్లు. డ్యూస్ బాల్ ఒక్కటే ఉండేది, అది చినిగేదాకా అదే. కుట్లు ఊడితే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం. పొద్దున బండికి కాజీపేట పోయి, అక్కడ బెజవాడ బండి ఎక్కి మానుకోట, డోర్నకల్ వెళ్లి ఆడి, రాత్రికి ఇల్లు చేరేవాళ్లం. అప్పుడన్నీ వరంగల్ జిల్లానే. జనగామ, మేం మానుకోట అనే మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలైంది 2016లో.

డోర్నకల్ జట్టులో ఒకాయన ఉండేవాడు. ఆయన రైల్వేలో బొగ్గు ఇంజిన్ మీద ఫైర్‌మన్. పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, అందరికీ ఫైర్‌మన్ అన్నే. సన్నగా, నల్లగా, మోచేతి కింద కాలిన మచ్చలు. ఓపెనింగ్ వచ్చేవాడు.

1978 చలికాలంలో మానుకోటలో మ్యాచ్. మ్యాటు ఇంకా మంచుకు తడిగా ఉంది, నాకు ఇరవై మూడేళ్లు, బంతి చెప్పినట్టు వింటోంది. మొదటి ఓవర్లో ఆరు బంతుల్లో నాలుగు వదిలేశాడు. బ్యాటు భుజం మీదికి ఎత్తి, చేతులు పొట్టకు దగ్గరగా తెచ్చుకుని, బంతి కీపర్ గ్లవ్స్‌లో పడేదాకా తల తిప్పి చూసేవాడు. తర్వాత వంగి, మ్యాటు మీద లేచిన పీచుపోగు ఒకటి పీకి పక్కన పడేసి మళ్లీ గార్డు తీసుకునేవాడు. తొందర లేదు, బెదురు లేదు. నా వైపు కోపంగా చూసిందీ లేదు. ఒక బంతి లోపలికి తిరిగి ఆఫ్ స్టంప్ పక్కన వెంట్రుకవాసిలో పోయింది. అదీ వదిలేశాడు. మా స్లిప్ ఫీల్డర్లంతా నోటి మీద చేయి పెట్టుకున్నారు. ఆయన పోగు పీకుతున్నాడు.

నాలుగు కొట్టించుకున్నా బౌలర్‌కు ఫరవాలేదు. కోపం వస్తుంది, కోపానికి బలముంటుంది. వదిలేసినప్పుడు వచ్చేది అనుమానం. అది కాళ్లలోకి దిగుతుంది. ఐదో ఓవర్‌కల్లా నేను ఆగలేక వికెట్ల మీదికి వేయడం మొదలుపెట్టాను. ఆయన కాచుకుని ఉన్నది అందుకే. మణికట్టు తిప్పి లెగ్ వైపు రెండు, మళ్లీ రెండు. తొమ్మిది ఓవర్లు ఆపకుండా వేశాను, నా చేతిలో అవుట్ కాలేదు. ఒక బౌన్సర్ పక్కటెముకల్లో తగిలింది. రుద్దుకోలేదు. "మంచిగ లేచింది తమ్మీ" అని మళ్లీ నిలబడ్డాడు. తర్వాత ఏడేళ్లలో పదీ పన్నెండు సార్లు ఎదురుపడ్డాం. ఒక్కసారి కూడా ఆయన్ని తీయలేకపోయాను.

ఉతికినవాళ్లు లేకపోలేదు. భూపాలపల్లిలో కాకతీయ ఖని గనులు వచ్చాక సింగరేణి జట్టుతో ఆడాం, అప్పటికి నా ఆట ఆఖరుకొచ్చింది. రాత్రి షిఫ్ట్ చేసి, స్నానం చేసి నేరుగా మ్యాచ్‌కి వచ్చిన ఒక తమ్ముడు నా ఒక్క ఓవర్లో మూడు సిక్సర్లు కొట్టాడు. ఒక బంతి చెట్లలో పడి దొరకలేదు. మంచి చేతులు వాడివి, నాకు వాడంటే ఇష్టం. కానీ తర్వాతి ఓవర్లో కాస్త నెమ్మదిగా వేసిన బంతికి మిడాన్‌లో దొరికిపోయాడు. కొట్టేవాడు ప్రతి బంతికీ మనకొక అవకాశం ఇస్తూనే ఉంటాడు.

పెద్ద ఆటలోనూ ఇదే లెక్క అని నేను నమ్ముతాను. మెక్‌గ్రాత్ లారా పేరు చెప్తాడు, బ్రెట్ లీ సచిన్ పేరు చెప్తాడు, వాళ్ల మాట వాళ్లది. మన దగ్గర అందరూ లక్ష్మణ్ 281 గురించి మాట్లాడతారు, మాట్లాడాల్సిందే. నేను మాత్రం 2001 మార్చి 14 గురించి చెప్తాను. ఆ రోజు ఈడెన్‌లో లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడారు, ఒక్క వికెట్ పడలేదు. ఫోర్లు అందరికీ గుర్తున్నాయి. ఆ రోజు వాళ్లు వదిలేసిన బంతులు ఎవరికి గుర్తున్నాయి?

ఇప్పుడు వదలడం ఎవరు నేర్పుతారు? డాట్ బాల్ అంటే కోచింగ్ క్యాంపుల్లోనే పిల్లల్ని తిడుతున్నారు. బ్యాట్ల అంచులు లావెక్కాయి, తాడు లోపలికి జరిగింది. 2011 నుంచి వన్డేల్లో రెండు వైపులా రెండు కొత్త బంతులు పెట్టారు, బంతి పాతబడితే కదా రివర్స్ అయ్యేది? ముప్పై నాలుగు ఓవర్ల తర్వాత ఒకే బంతి అని సవరించడానికి 2025 దాకా పట్టింది. కరోనా పేరు చెప్పి 2020లో బంతికి ఉమ్మి రాయొద్దన్నారు, కరోనా తగ్గాక 2022లో దాన్నే శాశ్వతం చేశారు. ప్రతి మార్పూ బౌలర్ చేతిలోంచి ఏదో ఒకటి లాక్కునేదే. ఇక మన మూడు జిల్లాల్లో మైదానాలంటే సభలకూ ఎగ్జిబిషన్లకూ అయ్యాయి, గుంజలు పాతిన గుంటలు ఎవరూ పూడ్చరు. పిల్లలు ఆ గుంటల మధ్యే పరుగెత్తి బౌలింగ్ వేస్తున్నారు.

టెన్నిస్ బంతిని నేను తిట్టను. మన సిరాజ్ దానితోనే పెరిగాడు. ఆటో నడిపిన మనిషి కొడుకు, 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టుల్లో 1113 బంతులు వేసి 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో ఆరు పరుగుల తేడాతో గెలిచిన ఆ ఆఖరి పొద్దున అతను పరుగెత్తుతుంటే నా మోకాళ్లు నొప్పి పెట్టాయి. ఆర్చర్‌కు 76 పడ్డప్పుడు ఎగిరిన పిల్లలు సిరాజ్ వేసిన ఆ 1113 బంతుల్ని కూర్చుని చూడాలి. ఎక్కడ పడింది, ఎటు పోయింది, ఆడినవాడు ఏం చేశాడు అని ఒక్కొక్కటీ చూడాలి.

ఆ పిల్లగాడికి ఫైర్‌మన్ అన్న గురించి చెప్పాను. "అంటే కొట్టనేలేదా?" అని బ్యాటు తీసుకుని వెళ్లిపోయాడు. మిగతా సగం వాడు వినలేదు.

నేను ఆట మానేసిన నాలుగేళ్లకు డోర్నకల్ స్టేషన్లో గోల్కొండ బండి కోసం కూర్చుంటే ఆయన కనిపించాడు. రిటైరయ్యాడు, కంటికి అద్దాలు. టీ తాగుతూ అడిగేశాను.

"మానుకోటల ఆ లోపలికొచ్చిన బంతి, వికెట్ పక్కనుంచి పోయింది సూడు. అదెట్ల వదిలినవ్ అన్నా?"

"అది లోపలికొస్తదని తెలుసు తమ్మీ. స్టంప్‌కు తగలదని గూడ తెలుసు, అంత దూరంకెల్లి మలిపినవ్."

"ఎట్ల తెలుసు?"

"లోపలికొచ్చేది వేసేముందు నువ్వు ఉరుకుడు మొదలువెట్టే కాడ నిలబడి బొటనవేలుతోని సీము మీద రెండుసార్లు రుద్దుతవ్. బయటికి పొయ్యేదానికి రుద్దవ్."

ఇరవై ఏళ్లు బౌలింగ్ చేశాను. నా కెప్టెన్ చూడలేదు, నా కీపర్ చూడలేదు, నాకే తెలియదు.

"గిన్నేండ్లు ఎందుకు చెప్పకపోయినవ్?"

"చెప్తే నన్ను తీస్తవ్ గదా" అన్నాడు. బండి వస్తోందని లేచి నా సంచి అందించాడు.

మా ఇంట్లో ఇప్పటికీ పాత డ్యూస్ బాల్ ఒకటి ఉంది, కుట్లు రెండుసార్లు వేయించినది. అప్పుడప్పుడు చేతిలోకి తీసుకుంటాను. బొటనవేలు తనంతట తానే సీము మీదికి పోతుంది. ఆపుకుంటాను.