టై బిగిస్తే తారస్థాయి

కతోలిక బడిలో బాలుర గాయక బృందానికి ఏ జబ్బు చేసినా పెద్దల దగ్గర ఉన్న మందు ఒక్కటే, యూనిఫాం మార్చడం. శ్రుతి జారుతోందా? బొత్తాలు మార్చండి. బృందంలో చేరేవాళ్లు తగ్గారా? నీలం తీసేసి మెరూన్ వేయండి. పాటలు నేర్పే మాస్టారు జీతం చాలక వెళ్లిపోయాడా? మిగిలిన ఆ జీతంతో బ్లేజరు జేబు మీద బంగారు దారంతో లాటిన్ నినాదం కుట్టించండి. దాని అర్థం ఎవరికీ తెలియదు కనుక వంక పెట్టేవాడూ ఉండడు. ఆడలేక మద్దెల ఓడన్నది వెనకటి మాట. ఇప్పుడు పాడలేకపోతే దర్జీకి కబురు పెడుతున్నారు.

కొత్త బట్టల వెంట ఓ సర్క్యులర్ కూడా వస్తుంది. అందులో రెండు మాటలు తప్పనిసరి: సంప్రదాయం, క్రమశిక్షణ. పాత యూనిఫాంకూ ఇవే మాటలు రాశారు కదా అని ఏ తండ్రయినా అడిగితే ఆయనకు సంగీతాభిరుచి లేదని తేలిపోతుంది. బిల్లు ఎంతని అడిగితే భక్తి కూడా లేదని తేలుతుంది.

సరే, ముందు ఆ సంప్రదాయం సంగతే చూద్దాం. ఈ విద్యలో అందరూ వేలు చూపించేది వియన్నా వైపు. 1498లో మాక్సిమిలియన్ రాజు తన ఆస్థాన గాయకుల్లో ఆరుగురు బాలురు ఉండాలని ఆజ్ఞ వేశాడు. వియన్నా బాలుర గాయక బృందం తన వయసును ఆ ఏటినుంచే లెక్కపెట్టుకుంటుంది. చరిత్ర అయిదు వందల ఏళ్లు దాటింది కనుక ఆ పిల్లలు తొడుక్కునే పేరుమోసిన సెయిలర్ సూట్లు కూడా అంత పాతవే అనుకుంటాం. అవి వచ్చి నిండా నూరేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు.

అంతకుముందు వాళ్లది చక్రవర్తి కొలువు. సైనిక పాఠశాల కుర్రాళ్ల తరహా యూనిఫాం, నడుముకు చిన్న బాకు. పూజలో దేవుణ్ని కీర్తించే పదేళ్ల పిల్లాడికి బాకు దేనికని అడక్కండి. శ్రుతి తప్పిన పక్కవాడి కోసం కాదని నమ్ముదాం. 1918లో యుద్ధం ఓడిపోయారు, సామ్రాజ్యం కూలింది, బాకులకు పని పోయింది. 1924లో యోసెఫ్ ష్నిట్ అనే మతగురువు బృందాన్ని మళ్లీ నిలబెట్టాడు. చక్రవర్తి బట్టలు విప్పించి నావికుల బట్టలు వేయించాడు.

ఇక్కడ ఒకసారి ఆస్ట్రియా పటం చూడాలి. 1918 అక్టోబరు ఆఖరున చక్రవర్తి తన యుద్ధనౌకలను దక్షిణ స్లావుల చేతికి అప్పగించేశాడు. తర్వాత ఏర్పడ్డ రిపబ్లిక్‌కు సముద్రతీరం గజం కూడా మిగల్లేదు. నౌకాదళం పోయిన ఆరేళ్లకు ఆ దేశంలో గాయక బాలలు నావికులయ్యారు. ఓడా లేదు, రేవూ లేదు, సిబ్బంది మాత్రం సిద్ధం.

ఆ వేషమైనా వాళ్ల సొంతమా అంటే అదీ కాదు. 1846లో విక్టోరియా రాణి నాలుగేళ్ల కొడుక్కు నావికుడి బట్టలు వేయిస్తే వింటర్‌హాల్టర్ అనే చిత్రకారుడు ఆ వేషంలో పిల్లాడి బొమ్మ గీశాడు. చూసినవాళ్లకు ముచ్చటేసింది. యూరప్‌లో కలిగిన ఇళ్ల మగపిల్లలకు అదే పండగ దుస్తు అయింది. అంటే ష్నిట్ ఎంచుకున్నది ఆనాటి ఫ్యాషన్. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రాజపోషణ ఆగిపోయింది, 1926 నుంచి బృందం చర్చి బయట కచేరీలు చేసుకుని బతకాల్సి వచ్చింది. టికెట్టు కొన్నవాళ్లకు పిల్లలు ముద్దుగా కనిపించాలి. యజమాని మారాడు, బట్టలు మారాయి, అంతే. ఆయన బతుకుదెరువు చూసుకున్నాడు. దానికి సంప్రదాయమని పేరు పెట్టింది తర్వాతివాళ్లు. ఫ్యాషన్‌ను చాలాకాలం మార్చకుండా వదిలేస్తే సంప్రదాయం అవుతుందన్నమాట. మూడేళ్లకోసారి రంగు మార్చే బడులు తమ ఫ్యాషన్‌కు ఆ యోగం కూడా పట్టనివ్వవు.

బట్టల వల్ల పాటకు ఒరిగిందేమిటన్నది రెండో ప్రశ్న. దీనికీ వియన్నాలోనే సాక్షులున్నారు. స్వరకర్త హైడన్ చిన్నప్పుడు అక్కడి సెయింట్ స్టీఫెన్ కథీడ్రల్ బృందంలో పాడేవాడు. పిల్లలకు పెట్టే తిండి అర్ధాకలి. గొప్పవాళ్ల ఇళ్లలో పాడితే ఏదైనా పెడతారని ఆశగా వెళ్లేవాడని ఆయన జీవితకథ రాసినవాళ్లు చెప్పారు. అలాంటి హైడన్ 1749లో తోటి గాయకుడి పిలకజడ కత్తిరించాడట. బెత్తంతో కొట్టి బయటికి గెంటేశారు. పిల్లల కడుపులు కాలినంత కాలం ఎవరికీ పట్టలేదు గాని ఒక జడ తెగేసరికి కొంప మునిగింది. అసలు సంగతేమిటంటే అప్పటికే ఆయన గొంతు మారిపోయింది. బృందానికి ఇక అక్కర్లేదు. జడ సమయానికి అందివచ్చిన సాకు.

ఇంకో స్వరకర్త షూబర్ట్ 1808లో పదకొండేళ్ల వయసులో ఆస్థాన బృందం పరీక్షకు వెలిసిన తెల్లకోటు వేసుకెళ్లాడు. పిండిమర పిల్లాడొచ్చాడని తోటివాళ్లు నవ్వారట. పాట మొదలయ్యాక నవ్వులు ఆగాయి. బంగారు జరీ యూనిఫాం ఒంటి మీదికి వచ్చింది ఆ తర్వాతే. ఈ వరస గమనించాలి: ముందు గొంతు, తర్వాత జరీ. గొంతు మారే వయసొచ్చి, 1812 జూలై 26న తాను ఆఖరిసారి కూశానని స్వరప్రతి మీద షూబర్టే రాసుకున్నాడు. జరీకి ఏమీ కాలేదు, ఇంకొకడికి సరిపోయే ఉంటుంది. గొంతునే మరొకరికి తొడగలేకపోయారు.

ఇంత చెప్పినా మతం మాటేమిటంటారు కదా, ఆ పత్రమూ తెరుద్దాం. 1903 నవంబరు 22న, గాయకుల పునీతురాలు సెసీలియమ్మ పండగ రోజున, పోపు పదవ పయస్ చర్చి సంగీతం మీద ఒక ఆజ్ఞాపత్రం వెలువరించాడు. స్త్రీలను గాయక బృందంలో చేర్చుకోకూడదు కాబట్టి పై స్థాయిలు పాడటానికి బాలురే కావాలన్నాడు. గాయకులు మతగురువుల తరహా అంగీ, దాని మీద తెల్ల పై అంగీ వేసుకోవడం తగుననీ అన్నాడు. ఈ రెండు మాటలూ అందరూ కళ్లకద్దుకున్నారు. అక్కడే మూడో మాట ఒకటుంది. గాయకులు జనం కంటికి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే వాళ్లను జాలీ వెనక దాచడం మంచిదని. అంటే పోపు ఉద్దేశంలో వినపడవలసినది పాట. బృందం ఫొటోలో మూడో మెట్టు మీద ఎవరు నిలబడాలన్న గొడవ ఆయన ఊహకే రాలేదు. ఇన్ని బడుల సర్క్యులర్లలో ఆ మూడో మాట ఒక్కదాంట్లోనూ కనబడదెందుకో దర్జీలకే తెలియాలి.

ఆ పత్రం స్ఫూర్తితో 1907లో పారిస్‌లో పుట్టిన కొయ్యశిలువ బాలగాయకులు తెల్లటి నిలువుటంగీ, మెడలో కొయ్యశిలువతో లోకమంతా తిరిగారు. అంగీ వదులుగా ఉంటుంది, ఊపిరి ఆడుతుంది, ఆర్నెల్లకో అంగుళం పెరిగే పిల్లాడితో పాటు కొంతకాలం సర్దుకుపోతుంది. దాన్ని కుట్టినవాడికి పాడేవాడు గుర్తున్నాడు.

మన బడుల్లో నడిచే బ్లేజరు, టై, బెల్టు వేషానికి ఆ గుర్తు లేదు. పాటకు కావలసినవి రెండు: పొట్ట నిండా ఊపిరి, బిగుసుకోని గొంతు. కాబట్టి పొట్టకు బెల్టు, గొంతుకు టై. శత్రువైనా ఇంత గురిచూసి కొట్టలేడు. రెండో వాటికన్ మహాసభ 1963లో ప్రజల భాషలో పూజ చేసుకోవచ్చంది. లాటిన్ వెళ్లి తెలుగు వచ్చింది. ఆర్గన్ పక్కకు హార్మోనియం, తబలా వచ్చి కూర్చున్నాయి. మహాసభ మాట అందరికీ వినిపించింది గాని పిల్లల మెడకాయల దాకా చేరలేదు. ఏప్రిల్ ఎండలో ఈస్టర్ పాటకు నిలబడ్డ కుర్రాడు చెమటతో తడిసిపోతుంటే, ఎంత భక్తిగా కరిగిపోతున్నాడో అని ముందు వరసలో మురిసిపోతారు.

యూనిఫాం ఉంటే ధనిక పేద తేడా తెలియదన్న వాదన ఒకటుంది. నిజమే, అందరికీ ఒకటే ఉన్నంతకాలం. రంగు మార్చిన మరునాడే ఆ తేడా దండోరా వేసుకుని బయటికి వస్తుంది. కొత్తది కొనలేనివాడు పాత రంగులో వచ్చి నిలబడతాడు. వాడి గొంతు ఎంత బాగున్నా వరస చెడుతుందని వెనక్కి పంపుతారు. ఒకప్పుడు అన్న చొక్కా తమ్ముడికి సరిపోయేది. మూడేళ్లకోసారి మారే యూనిఫాం ఆ ఒక్క ఆదానూ రద్దు చేసింది.

ఇక క్రమశిక్షణ. ఇక్కడ నవ్వు ఆపుకుని మాట్లాడాలి. జర్మనీలో రేగెన్స్‌బర్గ్ కథీడ్రల్ బాలుర బృందం 975 నుంచి తన చరిత్ర చెప్పుకుంటుంది. వేదిక మీద ఒక్క వెంట్రుక చెదరని పిల్లలు. 2017లో వచ్చిన విచారణ నివేదిక, 1945 తర్వాతి దశాబ్దాల్లో ఆ బడిలో కనీసం 547 మంది పిల్లలు దెబ్బలకో లైంగిక హింసకో గురయ్యారని తేల్చింది. అన్నేళ్లూ సభల్లో కూర్చున్నవాళ్లు చూసింది ఇస్త్రీ మడత. ఎంత చక్కటి క్రమశిక్షణ అని చప్పట్లు కొట్టారు. పిల్లాడు భయంతో బిగుసుకుని నిలబడ్డా కాలరు నిటారుగానే ఉంటుంది. తీర్చిదిద్దిన బట్టలు పిల్లల క్షేమానికి సాక్ష్యం చెప్పలేవు, క్షేమంగా లేరన్న సంగతిని మాత్రం చాలా ఏళ్లు దాచగలవు.

కాబట్టి గాయక బృందం కమిటీలకు ఒక విన్నపం. కొత్త యూనిఫాం తీర్మానానికి ముందు పదవ పయస్ మూడో మాట ఒక్కసారి పాటించండి. అడ్డంగా తెర కట్టి, దాని వెనక పిల్లలను కడుపునిండా తిండి పెట్టి నిలబెట్టండి. ఒక పాట పాత యూనిఫాంలో, ఒకటి కొత్త దాంట్లో, ఒకటి బనీన్లతో పాడించండి. ఏ పాట ఏ బట్టలతో పాడారో తెర ఇవతల కూర్చున్న కమిటీ చెవులతో విని చెప్పాలి. కరెక్టుగా చెబితే బ్లేజర్లు కుట్టించుకోండి, ఎవరూ అడ్డురారు. చెప్పలేకపోతే ఆ డబ్బుతో వెళ్లిపోయిన పాటల మాస్టారును వెనక్కి పిలిపించండి. జీతం కాస్త పెంచి.